అశ్లీల విచారణల మీద డాక్యుమెంటరీ: తెర మీద పద్యం చూపాలా, ఫైలు చూపాలా?

గోపాలపట్నం వీడియో
పద్దెనిమిదేళ్లుగా పెళ్లి వీడియోలు తీసి బతుకుతున్నవాణ్ని. గత రెండేళ్లుగా, ముహూర్తాలు లేని మూఢాల్లో మాత్రం ఒక డాక్యుమెంటరీ తీస్తున్నాను. ఏది అశ్లీలమో తేల్చడానికి ప్రభుత్వాలు కమిటీలు వేసి, సాక్షులను పిలిచి, నివేదికలు రాయించిన సందర్భాలే దాని విషయం. 1911లో మద్రాసు పోలీసులు ముద్దుపళని "రాధికా సాంత్వనము" ప్రతులను పట్టుకున్న సంగతితో మొదలై, సినిమాల మీద వేసిన 1927-28 నాటి రంగాచారి కమిటీ, సినిమా సెన్సారు మీద వేసిన 1968-69 నాటి ఖోస్లా కమిటీ, అమెరికాలో 1970లోను 1986లోను నివేదికలిచ్చిన రెండు కమిషన్లు, బ్రిటన్‌లో 1979లో నివేదిక ఇచ్చిన విలియమ్స్ కమిటీ దాకా వెళుతుంది. రఫ్ కట్, అంటే తొలి కూర్పు, 52 నిమిషాలు వచ్చింది.

మన ఊళ్లోనే ఒక హాలు మాట్లాడుకుని అడ్వాన్సు కూడా కట్టాను. పోస్టరు మీద "అశ్లీలం" అన్న మాట చూసి, మర్నాడు ఫోను చేసి రద్దు చేశారు. ముందు సినిమా చూడండి అని బతిమాలితే, చూడవలసిన అవసరం లేదని, పేరు మారిస్తే ఆలోచిస్తామని అన్నారు. నా సినిమాలో ఒక్క ముద్దు లేదు. ఉన్నవన్నీ కాగితాలు, కుర్చీలు, పెద్దవాళ్ల గొంతులు.

అడ్వాన్సు సంగతి అలా ఉంచితే, నా అసలు చిక్కు మరొకటి ఉంది. ఆనాడు అభ్యంతరకరమని తేల్చిన పద్యాలను నేను తెర మీద చూపాలా, వద్దా? చూపితే "ఇదిగో, మేము చెప్పలేదా" అంటారు. చూపకపోతే 1911లో ఆ పని చేసినవాళ్లతో నేనూ ఏకీభవించినట్టవుతుంది. ఎడిటింగ్ తెలిసినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు ఓ మాట చెప్పండి.

జగదాంబ జంక్షన్
పేరు మార్చి "శీల విచారణ" అని పెట్టండి. ఒక్క అక్షరం తీసేస్తే హాలు దొరుకుతుంది, పైగా కుటుంబ కథాచిత్రమనుకుని జనం కూడా వస్తారు.

ఎడిటింగ్ బల్ల
చూపాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకుందాం. ఎంతసేపు, ఎవరి గొంతులో, దేని తర్వాత చూపుతారు అన్నది ముందు తేలాలి. పద్యాన్ని పెద్ద అక్షరాలతో నల్ల తెర మీద వేసి వీణ వాయించారంటే, ప్రేక్షకుడికి దాన్ని తప్పుగా చూడమని మీరే సైగ చేసినట్టు. ముందు ఒక మనిషి కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఆ పుస్తకంలో అభ్యంతరకరమైన పద్యాల సంఖ్యలు వరుసగా చదువుతున్నట్టు తీయండి. అంకెలే తప్ప పద్యాలుండకూడదు. నాలుగైదు అంకెలు గడిచేసరికి ప్రేక్షకుడికే ఆ పద్యాలు ఏమిటో తెలుసుకోవాలని దురద పుడుతుంది. ఆ దురదే మీ సినిమా.

ఒక్క మనవి. టైప్‌రైటర్ టకటకలు, కాలుతున్న కాగితం, చీకట్లో తిరిగే ఫ్యాను మాత్రం పెట్టకండి. ఫైళ్ల మీద తీసిన ప్రతి డాక్యుమెంటరీలోనూ ఆ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

పాత బీరువా తాళం
నేను ఒక గ్రంథాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైర్ అయినదాన్ని. మా దగ్గర ఒక తాళం బీరువా ఉండేది. "పెద్దలకు మాత్రమే" అని దాని మీద ఎవరూ రాయలేదు కానీ, అందులోంచి పుస్తకం కావాలంటే రిజిస్టరులో సంతకం పెట్టి, దేనికి అవసరమో రాయాలి. "పరిశోధన నిమిత్తము" అని రాయని మనిషిని నేను చూడలేదు. ఆ బీరువాను అక్కడ ఉంచకూడదని గట్టిగా వాదించిన ఒక పెద్దమనిషి సంతకమే రిజిస్టరులో అందరికంటే ఎక్కువ సార్లు కనిపించేది. చదవకుండా ఖండించడం అన్యాయం కదా అని ఆయన అనేవారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

ముద్దుపళని సంగతి కొంత చెప్పాలి. ఆమె పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో, ప్రతాపసింహుని కొలువులో ఉన్న కవయిత్రి. కందుకూరి వీరేశలింగం గారు కవుల చరిత్రలో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆ గ్రంథం స్త్రీలు వినదగినది కాదని తీర్పు చెప్పారు. బెంగుళూరు నాగరత్నమ్మ గారు దొరికిన ప్రతులతో సరిచూసి, వావిళ్ల వారి ద్వారా 1910లో పూర్తి ప్రతిని అచ్చు వేయించారు. సిగ్గు, ఔచిత్యం అన్నవి ఆడవాళ్లకేనా, మగవాళ్లకు వర్తించవా అని ఆమె తన పీఠికలోనే నిలదీశారు. వీరేశలింగం గారు స్వయంగా పాఠ్యపుస్తకంగా ఒప్పుకున్న కావ్యాల్లో ఇంతకంటే పచ్చిగా ఏమీ లేదా అనీ అడిగారు. మరుసటి ఏడు పోలీసు కమిషనర్ కన్నింగ్‌హామ్ ప్రతులను స్వాధీనం చేయించాడు. పుస్తకంలో అభ్యంతరకరమైన పద్యాలున్నాయని ప్రభుత్వానికి చెప్పినవారు ప్రభుత్వ అనువాదకులు గోటేటి కనకరాజు పంతులు గారు. టంగుటూరి ప్రకాశం గారి చొరవతో ఆ నిషేధం తొలగిపోయింది. 1952లో వావిళ్ల వారే మళ్లీ అచ్చు వేశారు. ఈరోజు ఆ పుస్తకం ఎవరైనా కొనుక్కోవచ్చు. కాబట్టి మీరు పద్యం చదివించడానికి జంకవలసిన పని లేదు.

సంపెంగ
తాళం గారు చెప్పినదాంట్లో నన్ను ఆపేది ఒక్క మాట: అనువాదకుడు. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన దొరకు తెలుగు పద్యం అర్థమయ్యే అవకాశం ఎంత? ఒక తెలుగు పండితుడు చదివి, ఇంగ్లీషులో ఇది ఇంత చెడ్డది అని చెప్పాడు, ఆ ఇంగ్లీషు మాట మీద తెలుగు పుస్తకం ఆగిపోయింది. అంటే ప్రభుత్వం విచారించినది ముద్దుపళని పద్యాన్ని కాదు, కనకరాజు పంతులు గారి చదువును. వీడియో గారూ, ఆ మనిషి మీ సినిమాలో ఎన్ని నిమిషాలు ఉన్నారు?

గోపాలపట్నం వీడియో
ఇరవై సెకన్లు. ఫోటో దొరకలేదని వాయిస్ ఓవర్‌లో పేరు చెప్పి వదిలేశాను. ఇప్పుడు మీ పోస్టు చదివి సిగ్గుపడుతున్నాను.

ఎర్రమట్టి దిబ్బలు
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కనుక రెండో వైపు నేను మాట్లాడతాను. నేను హైస్కూలులో పాఠాలు చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లవాడి ఫోనులో నేను చూసినవి ముద్దుపళని ఊహకు కూడా అందవు. అలాంటి కాలంలో, అశ్లీలాన్ని విచారించిన ప్రతి కమిటీనీ నవ్వులాటగా చూపించే సినిమా ఎవరికి ఉపకారం? కమిటీలో కూర్చున్నవాళ్లందరూ మూర్ఖులు కారు. వాళ్లకూ పిల్లలు ఉన్నారు, భయాలు ఉన్నాయి. మీ సినిమాలో ఆ భయం కనిపిస్తుందా, లేక కళ్లద్దాలు తుడుచుకునే ముసలివాడు మాత్రమే కనిపిస్తాడా?

జగదాంబ జంక్షన్
మాస్టారూ, తొమ్మిదో తరగతి పిల్లవాడి ఫోను మీరు ఎంతసేపు చూశారు? పరిశోధన నిమిత్తమేనా?

ఎర్రమట్టి దిబ్బలు
జంక్షన్ గారూ, నవ్వాను. అయినా నా ప్రశ్న అక్కడే ఉంది.

గోపాలపట్నం వీడియో
మాస్టారి ప్రశ్నకు నా వృత్తిలోంచే సమాధానం చెబుతాను. ప్రతి పెళ్లి వీడియోకూ ఒక విచారణ కమిటీ ఉంటుంది. ఫైనల్ కాపీ ఇచ్చేముందు పెళ్లికూతురి మేనమామ, పెళ్లికొడుకు బాబాయి, ఇద్దరు పెద్దమ్మలు నా స్టూడియోలో కూర్చుని టీ తాగుతూ మొత్తం చూస్తారు. ఊరేగింపులో కుర్రాళ్ల డాన్సు, తలంబ్రాలప్పుడు జారిన పైట, తాగి వచ్చిన చుట్టం, ఇవన్నీ తీసెయ్యమంటారు. మొదట్లో వాళ్లను చూసి నవ్వుకునేవాణ్ని. ఒకసారి ఒక పెద్దమ్మ గారు నన్ను పక్కకు పిలిచి, "ఆ పిల్ల అత్తవారింట్లో ఈ క్యాసెట్టు పది సార్లు వేస్తారు బాబూ, పదకొండోసారి ఎవరో ఒకరు ఒక మాట అంటారు" అన్నారు. ఆవిడ భయం బొమ్మ గురించి కాదు, బొమ్మను చూసే మనుషుల గురించి. ఈ సినిమా తీయాలన్న ఆలోచన నాకు అక్కడ పుట్టింది. కాబట్టి నవ్వులాట నా ఉద్దేశం కాదు. కానీ రఫ్ కట్‌లో ఆ భయం కనిపించడం లేదన్న అనుమానం నాకూ ఉంది.

ఎడిటింగ్ బల్ల
ఇంత మంచి సంగతి మీ దగ్గర పెట్టుకుని సినిమాను 1911తో ఎందుకు మొదలుపెట్టారు? పెద్దమ్మ గారితో మొదలుపెట్టండి. ఆవిడ ముఖం చూపనక్కరలేదు. మానిటరు వెలుగు పడుతున్న నాలుగు టీ గ్లాసులు చాలు.

నల్లకోటు నాయుడు
చట్టం అడిగారు కనుక చెబుతున్నాను. ఫీజు లేదు.

భారత శిక్షాస్మృతిలోని 292వ సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 294వ సెక్షను వచ్చింది. సాహిత్యం, కళ, విజ్ఞానం, విద్య కోసం ప్రచురించినదానికి అందులో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు పాత చట్టంలోకి 1969 సవరణతో వచ్చింది. అంటే 1911లో నాగరత్నమ్మ గారికి అది అందుబాటులో లేదు. న్యాయస్థానాల కొలబద్ద కూడా మారింది. 1868 నాటి హిక్లిన్ అనే ఇంగ్లీషు కేసులో, మనసు తేలికగా చెడిపోయే మనిషిని దృష్టిలో పెట్టుకుని పుస్తకాన్ని కొలిచారు. మన సుప్రీంకోర్టు 1964లో రంజిత్ ఉదేశీ కేసులో దాన్నే వాడి బొంబాయి పుస్తకాల వ్యాపారి శిక్షను ఖాయం చేసింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో మాత్రం దాన్ని వదిలేసి, సమకాలీన సమాజపు ప్రమాణాలతో, మొత్తం సందర్భాన్ని చూసి నిర్ణయించాలని చెప్పింది. కాబట్టి విచారణ గురించిన డాక్యుమెంటరీలో, ఇప్పుడు అంగళ్లలో దొరుకుతున్న కావ్యంలోని పద్యం చదివితే కేసు నిలబడుతుందని నేను అనుకోను. కేసు పెట్టడానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు. అది వేరే సంగతి.

కమిటీ నివేదికలను తెర మీద చూపడానికి కాపీరైటు భయం ఉంటే, కాపీరైటు చట్టం 52వ సెక్షను చూడండి. ప్రభుత్వం నియమించిన కమిటీ నివేదిక చట్టసభ ముందు ఉంచినదైతే, ప్రభుత్వం ప్రత్యేకంగా నిషేధించకపోతే, దాన్ని పునర్ముద్రించవచ్చు. కోర్టు తీర్పులకూ దాదాపు అదే వెసులుబాటు ఉంది.

సెన్సారు సంగతి వేరు. బహిరంగ ప్రదర్శనకు డాక్యుమెంటరీకైనా సర్టిఫికెట్ కావాలి. మీకు దగ్గరి ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదు. 2023 సవరణ తర్వాత యు.ఎ. సర్టిఫికెట్‌లో ఏడు, పదమూడు, పదహారు ఏళ్ల మెట్లు వచ్చాయి. బోర్డు నిర్ణయం నచ్చకపోతే వెళ్లడానికి ఒకప్పుడు అప్పిలేటు ట్రిబ్యునల్ ఉండేది. 2021లో దాన్ని రద్దు చేశారు కనుక ఇప్పుడు హైకోర్టే గతి.

లైట్‌హౌస్ మైకు
నేను సౌండు మనిషిని. నాయుడు గారి పోస్టు చదువుతుంటే నాకు వాయిస్ ఓవర్ వినిపించింది. దయచేసి ఆయన చేత అది చదివించకండి, యాభై రెండు నిమిషాలు రెండు గంటలు అవుతుంది.

నల్లకోటు నాయుడు
వాయిదాకు ఇంత అని తీసుకునేవాడికి నిడివి శత్రువు కాదు.

పాత బీరువా తాళం
నాయుడు గారు ట్రిబ్యునల్ గురించి చెప్పారు. అది ఎక్కడ పుట్టిందో చెబితే వీడియో గారి సినిమాకు నడుము దొరుకుతుంది. కె.ఎ. అబ్బాస్ గారు నాలుగు మహానగరాల్లో ఉన్నవాళ్ల బతుకునూ లేనివాళ్ల బతుకునూ పక్కపక్కన పెట్టి ఒక చిన్న డాక్యుమెంటరీ తీశారు. బొంబాయి వేశ్యావాటిక దృశ్యాలు అందులో కొద్దిసేపు ఉన్నాయి. బోర్డు పెద్దలకు మాత్రమే అంది. అప్పీలుకు వెళితే, ఆ దృశ్యాలు తీసేస్తే అందరికీ అనుమతిస్తామని కేంద్ర ప్రభుత్వం అంది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. విచారణ నడుస్తుండగా ప్రభుత్వం దిగివచ్చి, కోతలు లేకుండానే యు సర్టిఫికెట్ ఇస్తామని చెప్పింది. మరొకరైతే సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి వెళ్లిపోయేవారు. అబ్బాస్ గారు మాత్రం తన పిటిషను సవరించుకుని, సినిమాను ముందుగా సెన్సారు చేయడమే రాజ్యాంగ విరుద్ధమని వాదించారు. 1970 సెప్టెంబరులో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా గారు ఆ వాదనను తోసిపుచ్చారు. మనసు మీద సినిమా ప్రభావం పుస్తకం ప్రభావం లాంటిది కాదని, కనుక ముందస్తు సెన్సారు చెల్లుతుందని చెప్పారు. కానీ అశ్లీలానికీ కళకూ మధ్య గీత ఎక్కడ గీయాలో నిబంధనలు స్పష్టంగా చెప్పడం లేదని తప్పుపట్టారు. ట్రిబ్యునల్‌ను ఏర్పాటు చేస్తామని, గడువులు పెడతామని ప్రభుత్వం ఆ కేసులోనే ఒప్పుకుంది.

అదే తీర్పులో ఖోస్లా కమిటీ నివేదిక ప్రస్తావన కూడా ఉంది. ఆ ఖోస్లా గారే పంజాబ్ హైకోర్టులో గాడ్సే అప్పీలు విన్న న్యాయమూర్తుల్లో ఒకరు. అంత పెద్ద నేర విచారణ చూసిన మనిషి చేతికి ముద్దు గురించి తేల్చే పని వచ్చింది. కథకు అవసరమైతే ముద్దునూ నగ్నతనూ అనుమతించవచ్చని ఆయన కమిటీ రాసింది. బోర్డు ప్రభుత్వం గుప్పిట్లో ఉండకూడదనీ రాసింది. పత్రికలు మొదటి మాటనే పట్టుకున్నాయి. రెండో మాట బీరువాలోకి వెళ్లింది.

సంపెంగ
డాక్యుమెంటరీ తీసినందుకు కోర్టుకెక్కిన మనిషి గురించి డాక్యుమెంటరీ తీయడం నాకు చాలా నచ్చింది. ఆ పక్కనే ఆనంద్ పట్వర్ధన్ గారి కేసు కూడా పెట్టండి. రెండు భాగాల డాక్యుమెంటరీలో ఒక భాగానికి యు, మరో భాగానికి ఎ వచ్చాయి. దూరదర్శన్ ప్రసారం చేయనంటే, చేయాలని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అబ్బాస్ ఓడిపోయి నియమాలు సంపాదించారు, పట్వర్ధన్ గెలిచి ప్రసారం సంపాదించారు.

ఎర్రమట్టి దిబ్బలు
అమెరికా సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్కడ వాళ్లు రెండు కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, ఏమీ ప్రమాదం లేదని తేల్చుకున్నారని ఎక్కడో చదివాను. డబ్బు ఖర్చుపెట్టినవాడికి కావలసిన జవాబు రావడం వింతేమీ కాదు.

గోపాలపట్నం వీడియో
రెండు కోట్లు కాదు మాస్టారూ, ఇరవై లక్షల డాలర్లు. పైగా ఖర్చుపెట్టినవాళ్లకు కావలసిన జవాబు రాలేదు. జాన్సన్ కాలంలో వేసిన కమిషన్ 1970లో నివేదిక ఇచ్చేసరికి నిక్సన్ అధ్యక్షుడు. వయసు వచ్చినవాళ్లు తమ ఇష్టంతో చదువుకునే, చూసే వాటి మీద చట్టాలు ఎత్తివేయమని కమిషన్ అంది. నిక్సన్ తిరస్కరించాడు. సెనేట్ 60 - 5 ఓట్లతో తిప్పికొట్టింది. పదహారేళ్ల తర్వాత అటార్నీ జనరల్ మీస్ వేసిన మరో కమిషన్ దాదాపు రెండు వేల పుటల నివేదికలో పూర్తిగా వ్యతిరేకంగా రాసింది. అందులోని సభ్యుల్లో ఇద్దరు స్త్రీలు, శాస్త్రీయమైన ఆధారం చాలదని విడిగా అసమ్మతి రాశారు. మాస్టారు అడిగిన భయం నాకు ఆ రెండు నివేదికల మధ్యన కనిపిస్తోంది. దేశం అదే, ప్రశ్న అదే, జవాబు మాత్రం తలకిందులైంది.

ఎర్రమట్టి దిబ్బలు
నా అంకె తప్పు, ఒప్పుకుంటున్నాను. అసమ్మతి రాసిన ఇద్దరి సంగతి నాకు తెలియదు. దాన్ని తప్పక ఉంచండి.

జగదాంబ జంక్షన్
ఆ మొదటి కమిషన్ బహిరంగ విచారణలోనే కదా, ప్రత్యామ్నాయ పత్రికల తరఫున వచ్చిన ఒక కుర్రాడు కమిషన్ సభ్యుడి ముఖాన పై అనే తీపి వంటకం తెచ్చి కొట్టాడు? మన దగ్గర అయితే మాడుగుల హల్వా కొట్టేవాళ్లు. కానీ అంత ఖరీదైన హల్వా ఎవరూ విసరరు.

ఎడిటింగ్ బల్ల
బొమ్మల సంగతి వచ్చింది కనుక నాకు తెలిసిన అన్నిటికంటే మంచి బొమ్మ చెబుతాను. 1986లో మీస్ తన కమిషన్ నివేదికను చేత్తో ఎత్తి పట్టుకుని పత్రికలవాళ్లకు చూపుతుంటే, ఆయన వెనకాల న్యాయశాఖ వారి హాలులో ఒక వక్షం కనిపించే న్యాయదేవత విగ్రహం ఉంది. ఫోటోగ్రాఫర్లు నేల మీదికి వంగి మరీ రెండింటినీ ఒకే ఫ్రేములో పట్టారు. 2002లో అదే శాఖ ఎనిమిది వేల డాలర్లు పెట్టి ఆ విగ్రహానికి తెరలు కట్టించింది. వాయిస్ ఓవర్ ఒక్క ముక్క కూడా వద్దు. ముందు ఫోటో, తర్వాత తెర. ఆరు సెకన్లు చాలు.

సంపెంగ
తెర కట్టిన తర్వాత బొమ్మే ఎక్కువ వేయండి. మన బీచ్‌రోడ్డు మీద విగ్రహాలు ఎన్ని ఉన్నాయో, ఏ ముసుగూ లేకుండా ఎలా నిలబడ్డాయో చూపిస్తే విశాఖ వాళ్లకు వెంటనే అందుతుంది.

లైట్‌హౌస్ మైకు
బీచ్‌రోడ్డు మీద తీస్తే సాయంత్రం నాలుగు దాటాక తీయకండి. గాలికి కాలర్ మైకులో సముద్రం తప్ప మనిషి వినిపించడు. ఇక డ్రోను ఎగరేద్దామని మాత్రం అనుకోకండి. నేవీ వాళ్ల కమిటీ మీ కమిటీలన్నిటికంటే వేగంగా కూర్చుంటుంది.

నల్లకోటు నాయుడు
వీడియో గారి మొదటి ఫిర్యాదు అందరూ మరిచిపోయారు. హాలువాళ్లు సినిమా చూడలేదు, పోస్టరు చూసి రద్దు చేశారు. దీనికి ఒక పాత తోడు ఉంది.

1970 నివేదిక ప్రభుత్వ ముద్రణ కనుక దాన్ని ఎవరైనా మళ్లీ అచ్చు వేయవచ్చు. హామ్లింగ్ అనే కాలిఫోర్నియా ప్రచురణకర్త ఆ నివేదికనే తీసుకుని, అందులో మాటల్లో చెప్పినవాటికి నిజమైన బొమ్మలు చేర్చి, సచిత్ర ప్రతిగా అమ్మాడు. దాని ప్రచారానికి కొన్ని బొమ్మలతో ఒక కరపత్రం అచ్చు వేసి తపాలాలో పంపాడు. కేసు పెట్టారు. జ్యూరీ పుస్తకం విషయంలో ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. కరపత్రం విషయంలో నేరం రుజువైందని చెప్పింది. 1974లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షను ఒక్క ఓటు తేడాతో ఖాయం చేసింది. అశ్లీలం మీద ప్రభుత్వం రాయించిన నివేదికకు ప్రచారం చేసినందుకే అశ్లీలం కింద జైలు. పుస్తకం బయటపడింది, కరపత్రం ఇరుక్కుంది.

వీడియో గారూ, మీరు చేస్తున్నది కూడా నివేదికకు బొమ్మలు చేర్చడమే. మీ సినిమాకు నేను భయపడను. మీ పోస్టరుకు భయపడతాను.

గోపాలపట్నం వీడియో
నాయుడు గారూ, ఈ సంగతి నాకు తెలియదు. రెండేళ్లుగా చదువుతున్నాను, ఇది ఎలా తప్పిపోయిందో అర్థం కావడం లేదు. దీన్ని చేరిస్తే నా ప్రశ్నకు జవాబు నా సినిమాలోనే దొరికేటట్టు ఉంది.

సంపెంగ
నేను ఒప్పుకోను. హామ్లింగ్ చేర్చినవి ఫోటోలు. ముద్దుపళనిది పద్యం. విలియమ్స్ కమిటీ ఈ తేడానే పట్టుకుంది. దానికి అధ్యక్షుడు తత్త్వశాస్త్రవేత్త కనుక మాట మీద ఆయనకు పట్టు ఉంది. అక్షరాలకే పరిమితమైనదాని మీద ఏ నియంత్రణా ఉండకూడదని, హాని జరుగుతుందా అన్నదే ప్రశ్న కావాలని రాశారు. థాచర్ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టేసిందనుకోండి. అయినా పద్యాన్ని ఫోటోతో కలిపి చూసే పొరపాటు మనం చేయవద్దు. పద్యం పూర్తిగా వినిపించాలి, అదీ ఆడగొంతులోనే. ఆ కావ్యం రాసింది ఆడమనిషి, అచ్చు వేయించింది ఆడమనిషి, ఆపినవాళ్లంతా మగవాళ్లు. ఇప్పుడు మళ్లీ మగ ఎడిటరు పద్యం బదులు అంకెలు చదివిస్తానంటే నాకు ఒళ్లు మండుతోంది.

ఎడిటింగ్ బల్ల
ఒళ్లు మండించినందుకు క్షమించండి. నేను పద్యం వద్దనలేదు, ముందు అంకెలు అన్నాను. అంకెలు మగగొంతులో, ఆ వెంటనే పద్యం ఆడగొంతులో అయితే ఎలా ఉంటుంది? మధ్యలో సంగీతం లేకుండా.

పాత బీరువా తాళం
సంపెంగ అమ్మాయీ, నీ మాట బాగుంది. కానీ పద్యాన్ని పాడించకండి, చదివించండి. పాడితే శృంగారం రాగానికి పోతుంది, చదివితే మాటకే ఉంటుంది. అర్థం సబ్‌టైటిల్‌లో వేయకండి. తెలుగు పద్యానికి తెలుగువాళ్ల సినిమాలో తెలుగు అర్థం రాయడం మొదలుపెడితే మనమూ అనువాదకులమైపోతాం.

జగదాంబ జంక్షన్
పద్యం అర్థం కాకపోతే హాలువాళ్లకు అభ్యంతరం ఉండదు. తాళం గారిది సమస్యను రెండు వైపుల నుంచీ తీర్చే ఉపాయం.

లైట్‌హౌస్ మైకు
రంగాచారి కమిటీ సాక్ష్యాల సంపుటాలు నాలుగూ ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు అన్న వరుసలోనే అచ్చయ్యాయి కదా? అది సిద్ధంగా ఉన్న స్క్రిప్టు. తెల్లవాళ్ల ఆడవాళ్లను పాశ్చాత్య సినిమాలు చులకనగా చూపి దొరల పరువు తీస్తున్నాయన్న బెంగతో వేసిన కమిటీ అది. మద్రాసు వకీలు అధ్యక్షుడిగా కూర్చుని సాక్షులను అడిగించాడు. గాంధీగారికీ ప్రశ్నావళి పంపారు. తాను సినిమాకు ఎన్నడూ వెళ్లలేదని, అయినా దానివల్ల జరిగే చెడు స్పష్టమేనని ఆయన జవాబు. చూడకుండానే చెప్పడంలో హాలువాళ్లకు అంత పెద్ద అండ ఉంది మరి.

ఎర్రమట్టి దిబ్బలు
ఆ సాక్ష్యాలు నాటకంలా చదవడానికి మా స్కూలు టీచర్లం నలుగురం వస్తాం. మాకు హాజరు పట్టీ చదివే గొంతులు ఉన్నాయి, విచారణకు సరిపోతాయి. ఒక షరతు ఉంది. భయపడి సాక్ష్యం చెప్పినవాళ్ల మాటలు కూడా నేను ఎంచిన మేరకు ఉంచాలి.

గోపాలపట్నం వీడియో
ఒప్పుకున్నాను మాస్టారూ, అవి మీరే ఎంచండి.

ఇప్పటికి నేను తీసుకున్న నిర్ణయాలు ఇవి. మొదటి షాటు టీ గ్లాసులు, పెద్దమ్మ గారి మాట. కనకరాజు పంతులు గారికి ఇరవై సెకన్లు కాదు, నాలుగు నిమిషాలు. ఆయన ఫోటో కోసం వెతకను, ఖాళీ కుర్చీ కూడా పెట్టను. ఆ ఉత్తర్వు కాగితం కోసం చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు పాత ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయానికి (ఆర్కైవ్స్) వెళతాను. అప్పటి విశాఖ జిల్లా మద్రాసు రాజధానిలోనిదే కనుక మనకు సంబంధించిన కాగితాలూ అక్కడే ఉంటాయి. వచ్చే మూఢానికి కోరమాండల్‌లో టికెట్టు తీసుకున్నాను. అంకెలు మాస్టారు చదువుతారు. పద్యం చదవడానికి గొంతు కావాలి.

సంపెంగ
నేను చదువుతాను. మా అమ్మ కూడా వింటుంది కనుక, రికార్డింగు మా ఇంట్లో కాకుండా మరెక్కడైనా పెట్టండి.

నల్లకోటు నాయుడు
పోస్టరు మీద ఏ మాట వేస్తున్నారో అచ్చుకు ముందు నాకు పంపండి. దీనికీ ఫీజు లేదు, కానీ మాడుగుల హల్వా అయితే విసరకుండా చేతికివ్వండి.

లాసన్స్‌బే మేడ
ఇన్నాళ్లూ మౌనంగా చదువుతున్నాను. మా ఇంటి మేడ మీద నలభై కుర్చీలు పడతాయి. టికెట్లు, పోస్టరు లేకుండా, మనకు తెలిసినవాళ్లను పిలుచుకుని వేసుకుంటే మా వరకు ఇబ్బంది లేదు. నాయుడు గారు సరేనంటేనే. ఒకటే చిక్కు, సముద్రం గాలికి తెర ఎగురుతుంది.

నల్లకోటు నాయుడు
పిలిచినవాళ్లకే, డబ్బు తీసుకోకుండా అయితే నాకు అభ్యంతరం లేదు. నలభై దాటనివ్వకండి.

లైట్‌హౌస్ మైకు
తెరకు కింద అంచున ఇసుక సంచులు కట్టాలి. నైలాన్ తాడు నా దగ్గర ఉంది, తెస్తాను.

పాత బీరువా తాళం
నాకు మెట్ల పక్కన కుర్చీ ఒకటి ఉంచండి. మోకాళ్లు సహకరించవు. వచ్చినవాళ్ల సంతకాలకు ఒక రిజిస్టరు నేనే తెస్తాను. కారణం గడి కూడా ఉంటుంది.